పెరటి మారేడు

మా వేములవాడలో శివరాత్రి ఇంక మూడు దినములున్నదనగా వీధులన్నియు మారేడు పత్రి వాసనతో నిండిపోవును. గంపలలో, గోనెలలో, సైకిళ్ల వెనుక కట్టిన మూటలలో, ఆటోలలో పత్రి దిగును. ధర్మగుండమునకు పోవు దారి పొడుగునను స్త్రీలు చిన్న చిన్న కుప్పలు పోసికొని కూర్చుందురు. రాజన్న దర్శనమునకు వచ్చువారు లక్షల మంది. కోడె మ్రొక్కు కలవారు కోడెను కట్టుదురు, బెల్లము మ్రొక్కుకొన్నవారు బెల్లము తూచుదురు. ఏ మ్రొక్కును లేనివారైనను పిడికెడు పత్రి చేత పట్టుకొనక లోనికి పోరు. ఆ పత్రి యంతయు ఎచ్చటినుండి వచ్చుచున్నది, ఏ చెట్టు ఎట్లు మోడై నిలిచినది యని ముప్పది యేండ్లు దాటువరకు నేనొక్కనాడైనను తలపోయలేదు. మా పెరటిచెట్టు నాకా యాలోచన పుట్టించినది. సోదరీమణులారా, ఆ కథలో నా తప్పును కొంత కలదు; దానిని దాచక వ్రాయుచున్నాను.

నా పుట్టినిల్లు ఇప్పుడు లేదు. మానేటిపై మానువాడ యొద్ద కట్టిన మధ్య మానేరు జలాశయమున మునిగిన పల్లెలలో మా పల్లె యొకటి. 2019వ సంవత్సరాంతమునకు జలాశయము నిండి, మా వీధి, మా బావి, మా దొడ్డి అన్నియు నీటి యడుగునకు పోయినవి. ఆ దొడ్డిలో మా తాతగారు నాటిన మారేడు చెట్టొకటి యుండెడిది. మా బాపు నాకు అమరకోశమును, పిదప భాగవతమును చెప్పినది దాని నీడనే. మాకు బడి దూరము. బాపుకు ఓపిక మెండు. బిల్వమునకు శ్రీఫలమనియు, మాలూరమనియు పేర్లున్నవని చెప్పుచు, ఒక ఆకును నలిపి నా ముక్కు కడ పెట్టి, "పేర్లు మరిచినా మరువు గని, ఈ వాసన మాత్రం మరువకు బిడ్డా" అనెడివారు. ఆయన గతించి పదునాలుగేండ్లైనది. పేర్లును మరువలేదు, వాసనయును మరువలేదు.

ఊరు ఖాళీ చేయవలసినదని తెలిసిన పిమ్మట, 2017 వానకాలమున, నేను పుట్టింటికి పోయి ఆ చెట్టు పిలక నొకదానిని తెచ్చుకొంటిని. మారేడునకొక మంచి గుణము కలదు: దాని వేళ్లు నేలలో ప్రక్కలకు ప్రాకి, అచ్చటచ్చట పిలకలను లేపును. విత్తనపు మొక్క తల్లిని పోలవచ్చును, పోలకపోవచ్చును. పిలక మాత్రము తల్లియే. ఐతే దానిని తెచ్చుట యందు నేను మొదట పొరపడితిని. పిలకను పట్టి లాగినచో వచ్చునది కొమ్మయే కాని మొక్క కాదు. మొదట తెచ్చినది నాలుగు దినములలో ఎండిపోయెను. అప్పుడు మా అమ్మ చెప్పిన ఉపాయమిది: పిలకకు జానెడు దూరమున మట్టి తీసి, తల్లివేరును గొడ్డలితో ఒక్క వ్రేటున తెంచి, మట్టి కప్పి, నెల దినములు అచ్చటనే విడువవలెను. ఆ నెలలో పిలక తన వేళ్లను తాను పెంచుకొనును. తరువాత వాన పడిన మరునాడు మట్టిగడ్డతో సహా పెకలించి, తడి గోనె చుట్టి తీసికొనిపోవలెను. రెండవ పిలక ఈ విధమున మా యింటికి వచ్చినది. బస్సులో ఒడిలో పెట్టుకొని తెచ్చితిని. దాని ముల్లు గుచ్చుకొన్న మచ్చ నా ముంజేతి మీద ఇప్పటికిని కలదు.

ఆ ముండ్ల చేతనే మా అత్తమ్మకు అది గిట్టలేదు. "ముండ్ల చెట్టు ఇంట్ల పెడుతరా? పిల్లలు తిరిగేటి చోట" అని వారము దినములు గొణిగిరి. మా వారు పాఠశాలనుండి వచ్చి, మోకాటిలోతు గుంట పెరటి యంచున బావిగట్టునకు దూరముగా త్రవ్వి, పెంట ఎరువును, ఇంత వేపపిండిని కలిపి నింపిరి. అత్తమ్మ చూచి చూచి, చివరకు తామే చెంబుతో నీరు పోసిరి. మొదటి రెండు వేసవులు మాత్రమే నీటికై కనిపెట్టుకొని యుండవలసి వచ్చినది. తరువాత ఆ చెట్టు మమ్ము ఏమియు అడుగలేదు. మా ప్రాంతపు వేసవి ఎట్టిదో మీరెరుగుదురు. నలుబదియైదు డిగ్రీల యెండలో గులాబీలు మాడి, కరివేప సగమై, మందారము తల వాల్చిననాడును మారేడు చలింపదు. చవుడు నేలనైనను ఓర్చును. 

ఈ చెట్టు వాసన పూవునకే పరిమితము కాదు. ఆకును వెలుతురునకు పట్టి చూడుడు. సూదిమొనతో పొడిచినట్లు సన్నని చుక్కలు కనబడును. అవి నూనె తిత్తులు. నలిపినప్పుడు వచ్చు కమ్మని ఘాటు అచ్చటిదే. నిమ్మ, నారింజ, వెలగ, కరివేపలు కూడ ఈ కుటుంబమువే కనుక, వాని యాకులందును ఇట్టి చుక్కలే యుండును. మా వారు ఒకనాటి రాత్రి చదివి వినిపించిన సంగతి నాకు మిక్కిలి వింతయైనది: ఈ మారేడునకు పశ్చిమాఫ్రికాలో దాయాదులున్నవట. అందొకదానికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరునకు అర్థము ఆఫ్రికా మారేడనియే. దాని కాయకును రాతివంటి పెంకే; ఇంగ్లీషువారు దానిని పొడిబుర్ర కాయ యనిరి. మన దేశపు చెట్టు కదా యని నేను గర్వపడుచుండగా, వారు నవ్వి, "నీ పులుసులోని చింత మాత్రము ఎక్కడిదనుకొన్నావు? దాని పుట్టినిల్లు ఆఫ్రికాయే" అనిరి. వేల యేండ్ల క్రిందట కాపురమునకు వచ్చిన కోడలు కాబోలు! ఇప్పుడు చింత లేని పల్లె తెలంగాణమున నేను చూడలేదు.

ఇక నా తప్పు సంగతి.

2023లో శివరాత్రి ఫిబ్రవరి 18వ తేదీన వచ్చినది. అప్పటికి చెట్టు మా గోడను మించి పెరిగినది. మేము దర్శనమునకై వేకువనే పోయి, మధ్యాహ్నమునకు తిరిగి వచ్చునప్పటికి వీధి వైపు కొమ్మలు రెండు విరిగి వ్రేలాడుచుండెను. అందినంత వరకు పత్రి దూసికొనిపోయిరి. దూరమునుండి వచ్చిన యాత్రికులు, పత్రి దొరకనివారు. వారిని తిట్టుటకు నాకు నోరు రాలేదు. కాని విరిగిన కొమ్మనుండి జిగురు కారుచుండగా చూచి కూర్చుండి యేడ్చితిని. అది మా పెరటి చెట్టు మాత్రమే కాదు కదా. మా దొడ్డి, మా తాత, మా బాపు, అన్నిటికిని మిగిలినది అదియొక్కటే. నాటినుండి ఆ చెట్టున కొక్క ఆకు తగ్గినను నా ప్రాణము కొట్టుకొనుచుండెను.

వానలు పడగనే చెట్టు లేతాకులతో మరల నిండినది. భాద్రపదము వచ్చినది. వినాయక చవితి ఇరువదియొక్క పత్రులలో మారేడును ఒకటి కనుక, పూజకు ముందటి దినమున కోయబోతిని. చూతును గదా, లేతాకులన్నియు అంచులు కొరుకబడి, కొన్ని రెమ్మలకు ఈనెలు మాత్రమే మిగిలియున్నవి. ఆకులపై పిట్టరెట్టల వంటివి కనబడినవి, తాకగా కదలినవి. వానికంటె పెద్దవి పచ్చగా, మెత్తగా, వ్రేలెడు పొడవున కొమ్మల వెంట నున్నవి. పుల్లతో కదల్చగనే పురుగు తల వెనుకనుండి ఎర్రని రెండు కొమ్ములు బయటికి వచ్చి, కుళ్లిన నిమ్మకాయ వంటి ఘాటు కొట్టినది. నేను హడలి వెనుకకు దూకితిని. అత్తమ్మ వచ్చి చూచి, "పురుగులు కొట్టిన ఆకు దేవునికెట్ల పెడుతవ్ బిడ్డా" అనిరి. ఆ మాట నిజమే. చిల్లులు పడిన దళము పూజకు పనికిరాదని నేనును నేర్చినదానినే. బకెట్టునిండ సబ్బునీళ్లు కలిపితిని. పుల్లతో ఒక్కొక్కదానిని రాల్చితిని. మా చిన్నది ప్రక్కన నిలిచి లెక్కపెట్టినది: ముప్పదియేడు. లెక్క ముగిసిన తరువాత అది యేమియు మాటాడక లోనికి పోయినది.

పది దినములు గడిచినవి. ఒకనాటి యుదయమున మా చిన్నది నన్ను చేయిపట్టి లాగికొనిపోయి, తన పుస్తకముల వెనుక దాచిన గాజుసీసాను చూపినది. ముప్పదియెనిమిదవ పురుగు! నాకు తెలియకుండ దానిని దాచి, రోజున కొక రెమ్మ కోసి పెట్టుచు పెంచినది. పురుగు ఇప్పుడు పురుగు కాదు. పుల్లకు సన్నని దారముతో తన్ను తాను కట్టుకొని, పచ్చని తొడుగువలె నుండెను. మరికొన్ని దినములకు ఆ తొడుగు పగిలి, తడిసిన రెక్కలతో ఒక సీతాకోకచిలుక వెలుపలికి వచ్చినది. నలుపు మీద పసుపు మచ్చలు, వెనుక రెక్క లోపలి చివర ఎర్రని చుక్క. రెక్కలారువరకు గంటసేపు పుల్లను పట్టుకొని యుండి, ఎగిరి గోడ దాటిపోయినది. ఇట్టివానిని మా బావికడ బంతిపూల మీద నెన్నిమారులు చూచి మురిసితినో! మిగిలిన ముప్పదియేడును ఇవియే.

ఆ యేటి బతుకమ్మకు మా అమ్మ వచ్చినది. మా వేములవాడలో సద్దుల బతుకమ్మ ఏడవ దినముననే జరుగును. అన్ని యూళ్లలో తొమ్మిదవ దినము. కావున మా యాడువారికి అత్తవారింట ఒకమారు, పుట్టింట ఒకమారు ఆడు భాగ్యము కలదు. నన్ను తీసికొనిపోవుటకై వచ్చిన అమ్మ, పునరావాసపు కాలనీలోని తన యింటినుండి తెచ్చిన సత్తుపిండి మూట నా చేతికిచ్చి, కాళ్లయినను కడుగుకొనక చెట్టు కడకు పోయినది. చుట్టును తిరిగి చూచి, "పురుగులు లేవేందే దీనికి?" అని యడిగినది. నేను జరిగినది చెప్పితిని. మెచ్చుకొనుననియే తలచితిని. ఆమె కొంతసేపు ఆకును నిమురుచు ఊరకుండి, "మన దొడ్డి చెట్టుకు ఏటేటా పట్టేటియి. మీ తాత ఉన్నప్పుడు గూడ పట్టినయి. ఎవ్వలం ముట్టలె. ఆ చెట్టు నీళ్లల్ల మునిగి సచ్చింది గని, పురుగులతోటి సావలేదు" అన్నది.

నాకు బదులు చెప్ప నోరాడలేదు.

మరుసటి యేడు పురుగులు వచ్చినప్పుడు చేయి కట్టుకొని చూచుచుంటిని. చూచుటయును సులభము కాదు. మొదటి వారము బకెట్టు మీదికే మనసు పోవుచుండెను. తల్లి సీతాకోకచిలుక లేతాకులను మాత్రమే వెదకి, ఆకున కొకటి చొప్పున ఆవగింజ వంటి పసుపుపచ్చని గ్రుడ్లు పెట్టినది. ముదురాకుల జోలికి పోలేదు. పురుగులు పుట్టిన నాలుగైదు దినములకు పిగిలిపిట్టల జంట యొకటి ఉదయము సాయంకాలము రా మొదలిడినది. నేను బకెట్టు పట్టుకొన్న యేడు అవి రాలేదని అప్పుడు జ్ఞప్తికి వచ్చినది. సన్నని నడుము కందిరీగలును వచ్చి ఆకులను వెదకినవి. చివరకు మా చిన్నది లెక్క ప్రకారము పెద్దవైన పురుగులు ఆరు. చెట్టు మూడు వారములలో మరల చిగిర్చినది. ఒక పురుగు తిన్న రెమ్మకు రెండు చిగుళ్లు వచ్చినచోట్లను నా కన్నులతో చూచితిని. పెరట గూడు కట్టిన పిట్ట తన పిల్లలకు ఎక్కువగా పెట్టునది పురుగులే. పురుగు లేని చెట్టు మీద పిల్లల నెట్లు సాకును?

2015లో హరితహారము ఆరంభమైన తరువాత మా ప్రాంతపు బాటల నడుమ కోనోకార్పస్ అను చెట్లను వరుసగా నాటిరి. దూరమునుండి చూడ బహు సొగసు. ఏడాది పొడుగునను పచ్చదనము. బస్సు కొరకు నిలుచుండినప్పుడు నేను వాని యాకులను పరిశీలింతును. ఇంతవరకు ఒక్క ఆకునైనను పురుగు కొరికినట్లు కనబడలేదు, ఒక్క గూడును కనబడలేదు. గుజరాతులో 2023లో ప్రభుత్వము వారు ఆ చెట్టును నాటరాదని చెప్పిరి. మునుపైతే ఎవరును కొరకని చెట్టే మంచి చెట్టని నేననుకొనియుందును.

పూజ సంగతి మాత్రము తేలలేదు గదా! పురుగు తిన్న ఆకు దేవునికి పెట్టరాదు. పురుగును చంపను మనసు రాదు. నా చిన్ననాట బాపు చెప్పిన సంగతులు అప్పుడు పనికివచ్చినవి. మారేడును అన్ని దినములలోను కోయరాదనియు, చవితి, అష్టమి, నవమి, చతుర్దశి, అమావాస్యలందును, సంక్రమణమునాడును, సోమవారములందును చెట్టును ముట్టరాదనియు, పూజకు కావలసినది ముందటి దినముననే కోసికొనవలెననియు ఆయన చెప్పెడివారు. మారేడునకు వాడినదను దోషము లేదట. కొత్తది దొరకనప్పుడు అర్పించినదానినే కడిగి మరల అర్పింపవచ్చునట. చిన్ననాడు ఇవి వట్టి యాచారములని వింటిని. ఇప్పుడు చూడగా, ఒక పక్షమున నెన్ని దినములు చెట్టునకు సెలవు! శివరాత్రి చతుర్దశియే గదా. ఆనాడు మా కొమ్మలు విరిచినవారు భక్తితో విరిచిరే కాని, విధి నెరుగరైరి. నేనును అంతకుమునుపు ఎన్ని శివరాత్రులలో ఆనాటి పత్రినే తాజాది కదా యని కొనలేదు!

కావున 2024 శివరాత్రికి మేమొక యేర్పాటు చేసికొంటిమి. రెండు దినములు ముందుగనే నేనును అత్తమ్మయు చెట్టు లోపలి కొమ్మలనుండి ముదురు దళములను మాత్రము కత్తెరతో కత్తిరించి, తడిగుడ్డలో చుట్టి యుంచితిమి. మాఘమాసాంతమున ఆ యాకులు ఎట్లును కొన్ని వారములలో రాలవలసినవే. చెట్టునకు నష్టము లేదు. కొమ్మ విరిచినచో మాత్రము రాబోవు చిగురును, పూతయును పోవును. అడిగినవారికి మూడు దళములు చొప్పున అత్తమ్మయే వాకిట కూర్చుండి పంచిరి. "గింతేనా?" అని యొకామె యనగా, "నీకు కన్నులెన్ని, శివునికి కన్నులెన్ని? మూడు సాలు" అని యత్తమ్మ యన్న మాట మా వీధిలో ఇప్పటికిని చెప్పుకొందురు. ముండ్ల చెట్టు వద్దన్నవారు వీరేనా యని నేను లోలోపల నవ్వుకొంటిని.

ఆ వేసవిలోనే చెట్టు మొదటిసారి పూచినది. ఆకులన్నియు రాలి, క్రొత్త చిగురు తొడుగునప్పుడే దానితో కూడ పూత వచ్చును. లేతాకుపచ్చ కలిసిన తెల్లని పూలు. చూడ నేమంత గొప్పవి కావు. వాసన మాత్రము తేనె కాచినట్లు వీధి మలుపు వరకు పోవును. ఎండకు పూలన్నియు మాడిన ఆ దినములలో తేనెటీగల రొద చెట్టునిండ వినబడుచుండెను. రాలిన యాకులను మునుపు ఊడ్చి కాల్చెడిదానను. ఇప్పుడు మొదట చుట్టే పరచుచున్నాను. నేల తడి నిలుచుచున్నది.

కాయ పండుటకు ఇంచుమించు పది పదునొకండు నెలలు పట్టును. ఈ పూత కాయ రాబోవు వేసవికి గాని చేతికి రాదు. మా యూరి కోతులు జామను బ్రతుకనీయవు, బొప్పాయిని పండనీయవు. మారేడు కాయను మాత్రము కొరికి చూచి, పండ్లు జివ్వుమని కాబోలు, విడిచిపోయినవి. 2025 వేసవిలో తొమ్మిది పండ్లు వచ్చినవి. పండిన కాయను రోకటితో కొట్టి పగులగొట్టి, పసుపుపచ్చని గుజ్జును నీటిలో గంటసేపు నానవేసి, చేతితో పిసికి, గింజలును పీచును పోవునట్లు వడగట్టి, బెల్లము, ఏలకుల పొడి, చిటికెడు ఉప్పు కలుపుకొనుడు. మిక్సీలో వేయకుడు, గింజ నలిగినచో చేదెక్కును. లేతకాయను చక్రములుగా కోసి యెండబెట్టి దాచిన ముక్కలను మా అమ్మ కడుపు జారినప్పుడు కషాయము కాచి యిచ్చెడిది.

గింజలను బంక పోవునట్లు కడిగి, ఆరిన వెంటనే విత్తవలెను. దాచినచో మొలకెత్తు శక్తి త్వరగా పోవును. మా వారు పాఠశాల పిల్లలచేత నలుబది సంచులలో వేయించిరి. మూడు వారములలో ఇరువదియారు మొలిచినవి. విత్తనపు మొక్క కాయుటకు ఏడెనిమిదేండ్లైనను ఓపిక పట్టవలెనని చెప్పగా, ఒక పిల్లవాడు, "సార్, గప్పటికి నాకు ఇరువయ్యేండ్లొస్తయి" అని లెక్క కట్టి చెప్పి మరియు తీసికొనిపోయినాడట.

ఈ మధ్య మా చెట్టునకు రెండు పిలకలు లేచినవి. ఒకటి గోడ ప్రక్కన నున్నది, దానిని కదల్ప వీలులేదు. రెండవదానిని అమ్మ అడిగినది. కాలనీలో ఆమె యిల్లు చిన్నది, ముందర చాపెడు నేల మాత్రమే కలదు. చెట్టు పెరిగినచో గోడకు చాలదని చెప్పి చూచితిని. "పెరిగేదాంక నేనుంటనో లేదో. నువ్వు తెంపు" అన్నది. నిన్న సాయంకాలము జానెడు దూరమున మట్టి తీసి, గొడ్డలితో ఒక్క వ్రేటున తల్లివేరును తెంచి, మరల మట్టి కప్పితిని. నెల దినములు అచ్చటనే యుండవలెను. మంచి వాన యొకటి పడిన మరునాడు, తడి గోనెలో చుట్టి, బస్సులో ఒడిలో పెట్టుకొని తీసికొనిపోవలెను.